ఈ పచ్చని ఊళ్ళో పనిచేసేవాళ్ళకు జాగా ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్ చుట్టూ, అమరావతి చుట్టూ శాటిలైట్ టౌన్లు ఎట్లా రావాలన్న చర్చ మీ పత్రికలో వచ్చినప్పుడల్లా లండన్ ప్రస్తావన ఉంటుంది. నగరంలో ఉద్యోగం, అరగంట రైలు ప్రయాణం, పచ్చని ఊళ్ళో సొంత ఇల్లు, దగ్గర్లో మంచి బడి. అట్లాంటి ఊళ్ళోనే నా కాపురం. ఆ వ్యాసాల్లో రాసే సుఖాలన్నీ నిజమే, నేను రోజూ అనుభవిస్తున్నవే. ఆ సుఖం సాగడానికి చాకిరీ చేసేవాళ్ళు రాత్రికి ఎక్కడ తలదాచుకుంటారన్నది మాత్రం ఒక్క వ్యాసంలోనూ చదవలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేసుకోగలరు.

మా ఊరు సెయింట్ ఆల్బన్స్. లండన్‌కు ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరంలో, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది. రోమన్లు వెరులామియం పేరుతో పట్నం కట్టిన చోటు ఇది. ఆ పట్నం పాడుబడ్డాక దాని ఇటుకలే ఏరుకొచ్చి పదకొండో శతాబ్దంలో కట్టిన పెద్ద చర్చి బురుజు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బుధవారం, శనివారం సెయింట్ పీటర్స్ స్ట్రీట్‌లో అంగడి జరుగుతుంది. చేవెళ్ళ అంగడి చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ ఊళ్ళో నాకు మొదట నచ్చింది అదే. గుడారాల కింద చేపలు, జున్ను, మట్టి వదలని క్యారెట్లు, గిన్నెకింత అని కేకలు పెట్టి అమ్మే పళ్ళు. కొత్తిమీర కట్ట మాత్రం మన కట్టలో పావు వంతు కూడా ఉండదు.

ఇక రైలు. 1868లో మిడ్‌లాండ్ కంపెనీ వేసిన లైను ఈ ఊరి రాత మార్చింది. ఇప్పుడు ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే ఇరవై నిమిషాలకు అటూఇటూగా లండన్ సెయింట్ పాంక్రాస్‌లో దిగుతాం. పొద్దున ఆరున్నర నుంచి మా వీధి మొత్తం స్టేషన్ వైపే నడుస్తుంది. ప్లాట్‌ఫాం మీద ఎవరి చోటు వాళ్ళది. తలుపు సరిగ్గా ఎక్కడ తెరుచుకుంటుందో తెలిసినవాళ్ళు అక్కడే నిలబడతారు, పన్నెండు పెట్టెల బండి వచ్చి ఆ జనాన్నంతా మింగేసి పోతుంది. కోవిడ్ తర్వాత మంగళ, బుధ, గురువారాలే ఈ రద్దీ. సోమ, శుక్రవారాల్లో సగంమంది ఇళ్ళలోనే లాప్‌టాప్‌ల ముందుంటారు. మా ఆయన సీజన్ టికెట్టుకే ఏడాదికి నాలుగు వేల పౌండ్ల పైన పోతుంది. ఆ టికెట్టు కొనగలిగినవాళ్ళ ఊరు ఇది అని చెప్పడానికే ఈ లెక్క.

తొమ్మిది దాటాక ఊరు వేరే ఊరవుతుంది. సూటూబూటూ అంతా లండన్‌లో. వీధుల్లో మిగిలేది ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు, ఇళ్ళు తుడిచేవాళ్ళు, పార్సిల్ వ్యాన్ల కుర్రాళ్ళు, ఇంటింటికీ తిరిగి వృద్ధులను చూసుకునే కేరర్లు. నేను మందుల షాపులో పనిచేస్తాను. వారానికి సరిపడా మాత్రలను గళ్ళ పెట్టెల్లో పూటవారీగా సర్ది, పేరు రాసి, సంచిలో వేసి ఇవ్వడం నా పని. ఒక్కొక్క మనిషి పొద్దున పూటకే తొమ్మిదీ పది మాత్రలు. ఆ పెట్టెలు తీసుకుపోవడానికి పిల్లలు రారు, వాళ్ళు ఏ కెనడాలోనో మాంచెస్టర్‌లోనో ఉంటారు. వచ్చేది కేరర్లే. జింబాబ్వే ఆవిడ, కొట్టాయం నుంచి వచ్చిన అమ్మాయి, ఈ మధ్య మన బాపట్ల వైపు అమ్మాయి.

ఆ బాపట్ల అమ్మాయి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పొద్దున ఏడింటికల్లా ఒక పెద్దావిడ ఇంట్లో ఉండాలి. లేపి, స్నానం చేయించి, బట్టలు వేసి, టోస్టు పెట్టి, మాత్రలు మింగించి, రిజిస్టర్లో రాయాలి. ఇదంతా అరగంటలో. తర్వాత ఇంకో ఇల్లు, మరో ఇల్లు. పదింటికి మొదటి విడత అయిపోతుంది. మళ్ళీ పన్నెండింటికి మధ్యాహ్నం భోజనాల విడత. మధ్యలో రెండు గంటలకు జీతం లేదు. ఉండేది పక్క పట్నం ల్యూటన్‌లో. 321 నంబరు బస్సులో ఇంటికి పోయి రావడానికే ఆ రెండు గంటలూ చాలవు. లైబ్రరీ తెరిచి ఉంటే లైబ్రరీలో కూర్చుంటుంది. వానపడుతుంటే మా షాపుకొచ్చి "అక్కా, కాసేపు కూర్చుంటా" అంటుంది. మందుల కోసం ఎదురుచూసేవాళ్ళకు వేసిన కుర్చీలో, తడిసిన బూట్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, డబ్బాలోని పులిహోర చల్లగానే తింటుంది. ఎదురుగా గోడకు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోండి అని పోస్టరు. ఊళ్ళో ఇన్ని వేల ఇళ్ళున్నాయి, ఆ రెండు గంటలు నడుం వాల్చడానికి ఆమెకు ఒక్క గది లేదు.

ల్యూటన్‌లో ఎందుకుంటుందంటే, లెక్క చూడండి. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ చట్టప్రకారం కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ లెక్కన వారానికి ముప్పై ఏడున్నర గంటలు పని దొరికినా నెలకు పన్ను కోతకు ముందే రెండు వేలు నిండదు. మా ఊళ్ళో రెండు పడకగదుల ఫ్లాటు కిరాయి నెలకు పదిహేను వందలు దాటుతుంది. ఆమెకు ఒక కొడుకు, బాపట్లలో అమ్మమ్మ దగ్గర ఉంటాడు. 2024 మార్చి 11 తర్వాత కేరర్ వీసా మీద వచ్చినవాళ్ళు పిల్లల్ని తెచ్చుకోవడానికి వీల్లేకుండా చేశారు. 2025 జులై నుంచి అసలు కొత్తవాళ్ళు ఆ వీసా మీద రాకుండానే తలుపు మూశారు. ముసలివాళ్ళ సంఖ్య మాత్రం తగ్గలేదు, నా కౌంటర్ మీద పెట్టెల దొంతర చూస్తేనే తెలుస్తుంది.

ఎనిమిది కిలోమీటర్ల అవతల హాట్‌ఫీల్డ్‌లో యూనివర్సిటీ ఆఫ్ హెర్ట్‌ఫర్డ్‌షైర్ ఉంది. వరంగల్, నల్లగొండ, గుంటూరు, విజయవాడ పిల్లలు అక్కడ చాలామంది. చదువుకునే రోజుల్లో వారానికి ఇరవై గంటలు పనిచేసుకోవచ్చు. గోదాముల్లో, కేర్ హోముల్లో, మా ఊరి హోటళ్ళ వంటిళ్ళలో వాళ్ళే. మేం స్కూలు హాలు కిరాయికి తీసుకుని బతుకమ్మ చేసుకుంటే భోజనాలు వడ్డించేదీ వాళ్ళే. రాత్రి పది దాటాక ఆఖరి బస్సు కోసం పరుగెత్తేదీ వాళ్ళే.

ఈ ఊరు ఇంత ఖరీదు ఎందుకైందో తెలియాలంటే ఊరి చుట్టూ గీసిన గీత సంగతి తెలియాలి. 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంతో ఇంగ్లండ్‌లో సొంత భూమిలోనైనా సర్కారు అనుమతి లేకుండా ఇల్లు కట్టే వీలు పోయింది. 1955లో దేశమంతటా పట్నాల చుట్టూ గ్రీన్ బెల్ట్, అంటే కట్టడాలు రానివ్వని పచ్చని భూముల పట్టీ, పెట్టుకోమని ప్రభుత్వం కౌన్సిళ్ళకు (మన మున్సిపాలిటీల లాంటి స్థానిక సంస్థలకు) చెప్పింది. ఊరు ఊరును తాకకూడదు, లండన్ ఉబ్బిపోయి చుట్టుపక్కల పట్టణాలను కలిపేసుకోకూడదు అన్నది ఉద్దేశం. లండన్ చుట్టూ ఇట్లా కాపాడిన భూమి దాదాపు ఐదు లక్షల హెక్టార్లు. మా సెయింట్ ఆల్బన్స్ జిల్లాలో అయితే నూటికి ఎనభై వంతుల పైన భూమి గ్రీన్ బెల్టే.

దాని ఫలం నేను కళ్ళారా చూస్తున్నాను. మా దగ్గరి శాండ్రిడ్జ్ ఊరి పక్కన 2008లో అడవులను కాపాడే వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ అనే సంస్థ పొలాలు కొని, ఊళ్ళవాళ్ళ చేత, బడిపిల్లల చేత ఆరు లక్షల మొక్కలు నాటించింది. హార్ట్‌వుడ్ ఫారెస్ట్ అంటారు. ఏప్రిల్ చివర్లో అక్కడి పాత అడవి తునకలో నేలంతా బ్లూబెల్ పూలు నీలంగా పరుచుకుంటాయి. ఎవరి పొలమైనా సరే, దాని మీదుగా పూర్వం నుంచి కాలిబాట ఉంటే దాన్ని మూసే హక్కు యజమానికి లేదు. మా అత్తమ్మ వచ్చినప్పుడు ఆ బాటల వెంటే నడిచేది, గోధుమ చేను కంకి తెంపి అరచేతిలో నలిపి చూసేది.

నేను పుట్టింది మొయినాబాద్ పక్క పల్లెలో. 1996 నాటి 111 జీవో గురించి మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. గండిపేట, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి పది కిలోమీటర్ల మేర 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. మా నాన్న తరం రైతులు దాన్ని తిట్టుకుంటూనే బతికారు, పక్కన ఎకరం కోట్లు పలుకుతుంటే మాకెందుకీ శిక్ష అని. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో ఇస్తే, చెరువుల గతేమిటని నేను ఇక్కడ కూర్చుని బాధపడ్డాను. కాబట్టి భూమిని కాపాడే గీత మీద నాకు ద్వేషం లేదు. మా పల్లెలో ఆ గీత బరువు రైతు మోశాడు. ఇక్కడ గీత లోపల ఇల్లున్నవాళ్ళకు అది ఏటేటా లాభం తెచ్చిపెట్టింది, బరువంతా ఇల్లు లేనివాళ్ళ మీద పడింది.

ఒకప్పుడు ఇట్లా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ గీత గీసినవాళ్ళే కార్మికుల కోసం కౌన్సిల్ ఇళ్ళు, అంటే కౌన్సిలే కిరాయికిచ్చే ఇళ్ళు కూడా కట్టారు. మా ఊళ్ళో ఆ పేటలు ఇప్పటికీ ఉన్నాయి. ఎర్ర ఇటుక గోడలు, ముందు చిన్న తోట, వెనక పెద్ద పెరడు. 1980 చట్టంతో ఆ ఇళ్ళను అందులో కిరాయికున్నవాళ్ళకే తక్కువ ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చారు. కొన్నవాళ్ళు బాగుపడ్డారు, సంతోషం. అమ్మినన్ని మళ్ళీ కట్టలేదు. మేం కొన్నది కూడా అట్లాంటి ఇల్లే. మొదట్లో ఇందులో బస్సు డ్రైవర్ కుటుంబం ఉండేదని పక్కింటాయన చెప్పారు. ఆ డ్రైవర్ తన ఒక్కడి జీతంతో నలుగురు పిల్లల్ని ఈ గదుల్లోనే పెంచాడట. మేం ఐదు లక్షల పౌండ్ల పైన పోసి కొన్నాం, ఇద్దరం సంపాదిస్తేనే నెల వాయిదా తీరుతుంది. ఇవ్వాళ 321 బస్సు నడిపే మనిషి ఈ వీధిలో ఇల్లు కొనడం మాట దేవుడెరుగు, కిరాయికి కూడా దిగలేడు.

అసలు విషయానికొస్తాను. మా పేట కొసన ఒక పొలం ఉంది. అందులో ఇళ్ళు కడతామని దరఖాస్తు పడింది. లైటు స్తంభాలకు కౌన్సిల్ నోటీసు కట్టారు. వారం తిరక్కుండా వీధి వాట్సాప్ గ్రూపులో అభ్యంతరాల ఉద్యమం మొదలైంది. మా పక్కింటాయన చాలా మంచివారు. చలికాలం పొద్దున మా కారు అద్దం మీద మంచు కూడా ఆయనే గీకేస్తారు. "ఈ పొలం కూడా పోతే మనకూ హాట్‌ఫీల్డ్‌కూ మధ్య ఇంకేం మిగులుతుంది?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకదన్నదీ, పాత రోడ్లు ఇరుకన్నదీ నిజమే. సున్నపురాయి నేలలో పుట్టే మా వెర్ నది బోర్లతో నీళ్ళు తోడేయడం వల్ల చిక్కిపోతున్నదీ నిజమే. బడుల దగ్గర మరీ కష్టం. ఇంటి నుంచి బడికి తిన్నగా గీత గీసి, ఎన్ని మీటర్లో కొలిచి, దగ్గరున్నవాళ్ళకే సీటిస్తారు. కొత్త ఇళ్ళొస్తే తమ పిల్లల సీటు ఎక్కడ పోతుందోనని తల్లుల భయం.

నన్ను కలవరపెట్టింది మనవాళ్ళ తీరు. మా ఉగాది, బతుకమ్మ గ్రూపులో ఒకరు అభ్యంతరాల ఉత్తరం తయారుచేసి పెట్టారు, పేరూ అడ్రసూ మార్చి కౌన్సిల్‌కు పంపితే చాలని. చాలామంది పంపారు. కారణం అడిగితే ఇంటి రేటు పడిపోతుందన్నారు. కష్టపడి కొనుక్కున్న ఇల్లు, ఆ భయం నాకూ తెలుసు. కానీ వీళ్ళలో సగంమంది వచ్చిన కొత్తలో లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక్కో ఇంట్లో ఎనిమిదిమంది సర్దుకుని బతికినవాళ్ళు. ఇల్లు దొరక్క తెలిసినవాళ్ళ సోఫాల మీద పడుకున్నవాళ్ళు. మనం ఎక్కొచ్చిన నిచ్చెనను మన వెనకే వస్తున్న బాపట్ల అమ్మాయికి, నల్లగొండ పిల్లవాడికి అందకుండా లాగేస్తామా? రేపు మన అమ్మానాన్నలను ఇక్కడికి తెచ్చుకున్నా, మనమే ముసలివాళ్ళమైనా, పొద్దున ఏడింటికి వచ్చి లేపి కూర్చోబెట్టే మనిషి ఎక్కణ్ణుంచి రావాలి?

నేను దరఖాస్తుకు మద్దతుగా రాశాను. అట్లా రాసేవాళ్ళు చాలా తక్కువ. రాసినవి పేరుతో సహా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. వీధిలో ఒకరిద్దరు పలకరింపు తగ్గించారు. పక్కింటాయన మాత్రం అదంతా చదివి, గేటు దగ్గర ఆగి చాలాసేపు మాట్లాడారు. వాళ్ళావిడకూ పోయిన చలికాలం నుంచి కేరర్ వస్తోంది. ఆయన అభ్యంతరం వెనక్కి తీసుకోలేదు. నేనూ నా మాట మార్చుకోలేదు. మంచు ఇప్పటికీ గీకుతున్నారు.

నా మద్దతు ఉత్తరంలో ఒక షరతు పెట్టాను. కొత్తగా కట్టే ఇళ్ళలో కొంత వాటా అందుబాటు ధరకు ఇస్తామని బిల్డర్లు చెబుతారు. రూలు ప్రకారం మార్కెట్ కిరాయి కంటే ఐదో వంతు తక్కువుంటే ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. పదిహేను వందల్లో ఐదో వంతు తీసేస్తే పన్నెండు వందలు. కోతలు పోగా ఆ అమ్మాయి చేతికి వచ్చేదాంట్లో అది మూడింట రెండొంతుల పైన. కాబట్టి జీతాలను బట్టి కిరాయి ఉండే కౌన్సిల్ ఇళ్ళు కావాలి, వాటిని ఎప్పటికీ అమ్మకూడదు అని రాశాను. ఇప్పటి ప్రభుత్వం ఐదేళ్ళలో పదిహేను లక్షల ఇళ్ళు కట్టిస్తామంది. గ్రీన్ బెల్ట్‌లో పాత పార్కింగ్ స్థలాలూ పాడుబడ్డ జాగాలూ లాంటివాటిని గ్రే బెల్ట్ అని వేరుచేసి 2024 డిసెంబర్‌లో రూల్సు కూడా మార్చింది. ఎన్ని ఇళ్ళన్నది ఎంత ముఖ్యమో, అందులో ఎవరుంటారన్నదీ అంతే ముఖ్యం.

మన దగ్గర కొత్త పట్టణాల ప్లాన్లు గీసే అధికారులు లండన్ చుట్టుపక్కల ఊళ్ళు చూడడానికి వస్తే తప్పకుండా మా ఊరు రమ్మనండి. చర్చి, అంగడి, హార్ట్‌వుడ్ చూపిస్తాను. పొద్దున ఆరింటికి వచ్చే 321 బస్సు కూడా ఎక్కిస్తాను. మెట్రో స్టేషన్ పక్కన, రీజినల్ రింగు రోడ్డు పక్కన జాగా పంచేటప్పుడు, అక్కడి విల్లాల్లో పనిచేయబోయే ఆయమ్మలకు, వాచ్‌మన్లకు, నర్సులకు, బస్సు డ్రైవర్లకు నడిచిపోయే దూరంలో ఇళ్ళు ప్లాను కాగితం మీదే రాసిపెట్టాలి. అవి సర్కారు పేరు మీదే ఉండాలి. ఊరు పెరిగి గజం ధర ఆకాశానికంటాక వెతికితే జాగా దొరకదు.

ఇట్లాంటి ఊళ్ళలో ఉంటున్న తెలుగువాళ్ళకు ఒక విన్నపం. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అభ్యంతరం రాసే చోటే మద్దతు రాసే వీలూ ఉంది. ఐదు నిమిషాల పని. ఎవరో తయారుచేసిన ఉత్తరం పంపకండి, మీ మాటల్లో రాయండి.

మీకూ ఒక విన్నపం. మీ ప్రవాస పేజీలో ఇళ్ళు కొన్న మాబోటివాళ్ళ ఫోటోలు చాలా వచ్చాయి. ఆ బాపట్ల అమ్మాయి లాంటివాళ్ళ చేత కూడా రాయించండి. అడిగాను, రాస్తానంది. పేరు మాత్రం వేయొద్దంది. ఆమె వీసా తను పనిచేసే కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ మీద ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే ఆమె రాసింది నేనే టైపు చేసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సెయింట్ ఆల్బన్స్, హెర్ట్‌ఫర్డ్‌షైర్, ఇంగ్లండ్.